మృత సముద్రానికి వెళ్తున్నారా? తేలడం, నల్లమట్టి పూసుకోవడం, క్షేమంగా ఒడ్డు చేరడం: విజయవాడ, గుంటూరు ప్రయాణికులకు సమగ్ర మార్గదర్శి

పవిత్ర దేశాల యాత్రకు పేర్లు నమోదు చేసుకున్నవారు, జోర్డాన్ చూసి రావాలనుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అంత దూరం వెళ్తున్నాం కదా, డెడ్ సీలో మూడు మునకలు వేసి రావచ్చా?" అని అడుగుతారు. వేయకూడదు. కృష్ణలో పుష్కర స్నానం చేసినా, సూర్యలంకలో అలల మధ్య నిలబడినా మనకు తల తడిస్తేనే స్నానం చేసినట్టు ఉంటుంది. మృత సముద్రంలో మాత్రం తల ముంచకుండా బయటికి రావడమే మొదటి నియమం. కింద చెప్పిన సన్నాహాలన్నీ ఈ నియమాన్ని పాటించడం కోసమే.

ఒకసారి మా కుటుంబంతోనూ, మరొకసారి గుంటూరు నుంచి బయలుదేరిన యాత్రా బృందంతోనూ అక్కడికి వెళ్లాను. ఆ రెండుసార్లూ కళ్లారా చూసిన విషయాలను, ఒడ్డున ఉండే రక్షకులు పదేపదే చెప్పే జాగ్రత్తలను వరుసలో పెట్టాను.

1. ముందుగా ఆ నీటి స్వభావం తెలుసుకోండి

మృత సముద్రం నిజానికి ఒక సరస్సు. తూర్పున జోర్డాన్, పడమట ఇజ్రాయెల్, వెస్ట్ బ్యాంక్ ఉన్నాయి. దాని నీటిమట్టం సముద్రమట్టానికి 430 మీటర్లకు పైగా దిగువన ఉంది, ఏటా సుమారు ఒక మీటరు చొప్పున ఇంకా తగ్గుతోంది. తెలుగు బైబిలు చదివేవారికి ఇది "ఉప్పు సముద్రము"గా పరిచయమే.

మామూలు సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా లవణాలు ఉంటే, ఇక్కడ దాదాపు పదింతలు ఉంటాయి. అందులో మన వంటింటి ఉప్పు కంటే మెగ్నీషియం క్లోరైడుదే పెద్ద వాటా. కాల్షియం, పొటాషియం లవణాలు, బ్రోమైడ్లు కూడా ఉన్నాయి. అందుకే ఆ నీరు చేతికి నూనెలా జారుతుంది, పెదవికి తగిలితే ఉప్పదనం కంటే చేదు ముందు తెలుస్తుంది.

లీటరు నీరు సుమారు 1.24 కిలోలు తూగుతుంది. మన శరీరం మంచినీటికి దాదాపు సమానమైన సాంద్రత గలది కనుక, ఈ నీటిలో మనిషి దేహంలో ఐదో వంతు నీటి పైనే ఉండిపోతుంది. ఈత రానివారు కూడా తేలుతారన్నది ఈ లెక్క వల్లనే.

అయితే "మునగలేం కాబట్టి ప్రమాదం లేదు" అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. నీరు మనిషిని పైకి తోస్తుందే తప్ప, ముఖాన్నే పైకి తోయాలని దానికి లేదు. బోర్లా పడితే కాళ్లు, నడుము పైకి లేచి ముఖం నీటిలోకి ఒరుగుతుంది. అలా ఒరిగినవారికి తిరిగి వెల్లకిలా తిరగడం చాలా కష్టం. నడుము లోతు నీటిలో కూడా ఇది జరుగుతుంది.

2. ఏ ఒడ్డుకు, ఏ కాలంలో వెళ్లాలి

మొదటిసారి వెళ్లేవారికి జోర్డాన్ ఒడ్డే అనుకూలమని నా అభిప్రాయం. అమ్మాన్ నుంచి గంట ప్రయాణంలో స్వైమె ప్రాంతపు హోటళ్లు, అమ్మాన్ బీచ్ వస్తాయి. జల్లు స్నానపు గదులు, బట్టలు మార్చుకునే చోట్లు, రక్షకులు ఉన్న బీచునే ఎంచుకోవాలి. ఖర్చు తగ్గుతుందని రోడ్డు పక్కన కారు ఆపించి ఖాళీ ఒడ్డున దిగకండి. అక్కడ కడుక్కోవడానికి మంచినీరు ఉండదు, పిలిస్తే పలికేవారూ ఉండరు.

పడమటి ఒడ్డుకు వెళ్లే బృందాలను ఉత్తరాన కలియా వంటి బీచులకో, దక్షిణాన ఐన్ బోకెక్ హోటళ్లకో తీసుకువెళ్తారు. ఐన్ బోకెక్ ముందున్నది ఖనిజ పరిశ్రమ కోసం నీరు నింపే మడుగు, కాబట్టి అక్కడ అడుగున తెల్లని ఉప్పు పరుచుకుని కనిపిస్తుందే తప్ప నల్లమట్టి దొరుకుతుందని ఆశపడకూడదు. నీటిమట్టం తగ్గడం వల్ల ఈ సరస్సు ఒడ్డున, ముఖ్యంగా పడమటి వైపున, నేల ఉన్నట్టుండి గుంటలుగా కుంగిపోతోంది. ఐన్ గెడి దగ్గరి ప్రజా బీచును మూసివేయడానికి కారణం అదే. హెచ్చరిక బోర్డులు, కంచెలు ఉన్నచోట ఫొటో కోసమైనా అడుగు పెట్టవద్దు.

కాలం సంగతికి వస్తే, మార్చి, ఏప్రిల్ నెలలు, అక్టోబరు చివరి నుంచి నవంబరు దాకా హాయిగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పగటి ఎండ 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. రోహిణి కార్తెలో గుంటూరు ఎండ చూసినవాళ్లకు ఇదెంత అనిపించవచ్చు కానీ, అక్కడ చెట్టు నీడ ఉండదు, ఉప్పు పట్టిన చర్మానికి ఆ ఎండ మరీ చురుకుగా తగులుతుంది. వేసవిలో వెళ్లక తప్పకపోతే ఉదయం 9 లోపు, లేదా సాయంత్రం 4.30 తరువాత నీటిలోకి దిగండి.

శీతకాలంలో మరొక జాగ్రత్త ఉంది. అక్కడ వాన తక్కువే, కానీ కొండల్లో ఎక్కడో కురిసిన వాన లోయల గుండా ఒక్కసారిగా వరదై దిగుతుంది. 2018 అక్టోబరులో జోర్డాన్ వైపు ఇలాంటి వరదలోనే సుమారు 20 మంది మరణించారు, వారిలో ఎక్కువమంది విహారానికి వచ్చిన బడిపిల్లలు. వాన సూచన ఉన్న రోజున మృత సముద్రం చుట్టుపక్కల లోయలకు వెళ్లే కార్యక్రమం పెట్టుకోకండి.

వారంలో రోజు కూడా చూసుకోవాలి. జోర్డాన్‌లో శుక్ర, శనివారాలు సెలవులు కనుక బీచులు కిటకిటలాడుతాయి. ఆదివారం నుంచి గురువారం లోపల వెళ్లడం మేలు.

3. గన్నవరం నుంచి ఒడ్డు దాకా

విజయవాడ నుంచి అమ్మాన్‌కు నేరుగా విమానం లేదు. గన్నవరం నుంచి గానీ, రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు ప్రయాణించి గానీ, రైల్లో గానీ హైదరాబాదు చేరుకుని, అక్కడి నుంచి గల్ఫ్ నగరాల మీదుగా అమ్మాన్ వెళ్లడం ఎక్కువమంది చేసే పని. గుంటూరు వాళ్లు శంషాబాదుకు కనీసం ఐదారు గంటల ముందే చేరేలా బయలుదేరితే దారిలో ఆలస్యమైనా కంగారు ఉండదు.

పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. భారతీయులకు అమ్మాన్ విమానాశ్రయంలోనే వీసా ఇచ్చే ఏర్పాటు ఉంది, దాని రుసుము 40 దినార్లు. రాతి కొండల్లో చెక్కిన ప్రాచీన నగరం పెట్రా కూడా చూడదలచినవారు, మూడు రాత్రులకు తక్కువ కాకుండా ఉండేవారు, బయలుదేరక ముందే జోర్డాన్ పాస్ (దర్శనీయ స్థలాల ఉమ్మడి ప్రవేశ టికెట్టు) కొనుక్కుంటే వీసా రుసుము మినహాయిస్తారు. ఆ పాసు ధర 70 నుంచి 80 దినార్ల మధ్య ఉంటుంది. మృత సముద్రపు బీచుల ప్రవేశ రుసుము మాత్రం అందులో కలవదు. జెరూసలేం వైపు నుంచి కింగ్ హుస్సేన్ వంతెన మీదుగా జోర్డాన్‌లోకి వచ్చేవారికి వంతెన దగ్గర వీసా ఇవ్వరు, ముందే తీసుకోవాలి. నిబంధనలు మారుతుంటాయి కనుక టికెట్టు కొనే ముందు జోర్డాన్ రాయబార కార్యాలయం సమాచారాన్ని, ఆ ప్రాంతపు పరిస్థితుల గురించి భారత విదేశాంగ శాఖ ఇచ్చే సూచనలను తప్పనిసరిగా చూడండి. ఉద్రిక్తతలు పెరిగిన రోజుల్లో అక్కడి గగనతలం మూసివేసిన సందర్భాలు ఉన్నాయి. ప్రయాణ బీమా తీసుకోకుండా వెళ్లవద్దు.

అమ్మాన్ నుంచి టాక్సీ మాట్లాడుకుంటే రానూపోనూ, మధ్యలో వేచి ఉండే సమయంతో కలిపి ఒకే మాటగా మాట్లాడుకోండి. వెళ్లేటప్పుడు ఫోనులో కారు సులువుగానే దొరుకుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఆ ఒడ్డున దొరకడం కష్టం. దారిలో తనిఖీ కేంద్రాలు ఉంటాయి, పాస్‌పోర్టును హోటల్లో వదిలి రాకండి.

చాలా బృందాలు బైబిలులో మోషే కథతో ముడిపడిన నెబో కొండ, దాని దగ్గరి మాదాబా పట్టణం చూసి అక్కడి నుంచి మృత సముద్రానికి దిగుతాయి. నెబో సముద్రమట్టానికి 700 మీటర్లకు పైన ఉంది, అంటే గంట లోపల 1,100 మీటర్లకు పైగా దిగుతారు. తిరుమల ఘాట్ రోడ్డులో చెవులు మూసుకున్నట్టే ఇక్కడా మూసుకుంటాయి. గుటక వేస్తూ ఉంటే సర్దుకుంటాయి. కొండ మీద మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసా కిందికి వచ్చేసరికి సొట్టలు పడి ఉంటుంది, పిల్లలకు చూపించండి.

4. ఎవరు నీటిలోకి దిగకూడదు

ఈ విభాగాన్ని తొందరపడి దాటవేయవద్దు. మన యాత్రా బృందాల్లో అరవై దాటినవారే ఎక్కువ, వారిలో షుగరు, రక్తపోటు లేనివారు తక్కువ.

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు తమ వైద్యుని అడగకుండా దిగకూడదు. ఆపరేషన్ కుట్లు పూర్తిగా మానని వారు ఒడ్డునే ఉండాలి. షుగరు ఉన్నవారు ముందురోజు రాత్రే అరికాళ్లు, వేళ్ల సందులు మరొకరి చేత చూపించుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి పుండు ఉన్న సంగతే తెలియదు, ఉప్పు తగిలినా మంట తెలియదు, అడుగున ఉన్న ఉప్పు స్ఫటికం గీసుకున్నా తెలియదు.

చిన్నపిల్లల్ని దింపకపోవడమే మంచిది. ముఖం మీద నీళ్లు చల్లుకోకూడదని, కన్ను నలుపుకోకూడదని చెబితే పాటించగల వయసు వచ్చినవారినే, అదీ ఒక పెద్దవారు పక్కన నిలబడి ఉండగానే కొద్ది నిమిషాలు దింపండి.

చర్మవ్యాధులకు, ముఖ్యంగా సోరియాసిస్‌కు, అక్కడ చికిత్స పొందేవారు ఉన్నారు. కానీ అది వైద్యుల పర్యవేక్షణలో వారాల తరబడి సాగే పద్ధతి. గంటసేపు దిగి వస్తే జబ్బు తగ్గుతుందని ఎవరైనా మీతో అంటే నమ్మి మందులు ఆపకండి.

5. వారం రోజుల ముందు నుంచి చేయవలసినవి

మొదటిది తలనీలాలు. యాత్రకు ముందు మొక్కు తీర్చుకుని గుండు చేయించుకుని వెళ్లేవారు మనలో ఉన్నారు. కత్తి పడిన చర్మానికి ఈ నీటి చుక్క తగిలితే, మిరప యార్డులో పనిచేసిన చేతితో కన్ను తుడుచుకున్నట్టే ఉంటుంది. గుండు చేయించుకోదలిస్తే కనీసం వారం ముందు చేయించుకోండి. గడ్డం గీసుకోవడం, వ్యాక్సింగ్ వంటివి రెండు మూడు రోజుల ముందే ఆపేయాలి. కొత్తగా చెవులో ముక్కో కుట్టించుకున్నవారు పుండు మానేదాకా దిగకూడదు.

రెండవది నగలు. ఈ నీటిలో వెండి నల్లబడుతుంది, కలిపిన లోహం ఎక్కువగా ఉన్న బంగారం కూడా రంగు మారుతుంది, రాళ్ల సందుల్లో ఉప్పు గడ్డకడుతుంది. పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు, గాజులు, వాచీ అన్నీ హోటల్ గదిలోనే తీసి పెట్టాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని వారు ముందురోజు పసుపు తాడు కట్టుకుని బంగారు గొలుసు తీసి దాచుకోవడం మంచి పద్ధతి. మా పెద్దమ్మ అలాగే చేసింది. ఆమె పక్కన మెట్టెలతో దిగిన ఇద్దరు ఆడవాళ్లు సాయంత్రమంతా వాటిని తోముతూ కూర్చున్నారు.

మూడవది బట్టలు. చీరతో, పొడవాటి కుర్తాతో, లుంగీతో దిగకూడదు. తడిసిన గుడ్డ కాళ్లకు చుట్టుకుంటే లేచి నిలబడటం కష్టమవుతుంది, ఈ నీటిలో లేచి నిలబడటమే అసలు విద్య. ఒంటిని అంటిపెట్టుకునే లెగ్గింగు, సగం చేతుల టీషర్టు ఆడవారికి, మోకాళ్ల దాకా నిక్కరు, టీషర్టు మగవారికి సరిపోతాయి. ముదురు రంగువి, పాతవి తీసుకువెళ్లండి, ఎందుకంటే మట్టి మరక పూర్తిగా పోదు.

నాలుగవది అభ్యాసం. ఇంట్లో చాప మీద వెల్లకిలా పడుకుని, రెండు మోకాళ్లనూ రొమ్ము దగ్గరికి లాక్కుని, ఆ తరువాత పాదాలు నేలకు ఆనించే కదలికను రోజుకు పదిసార్లు చేయండి. ఈత వచ్చినవారు కూడా ఇది చేయాలి. మీ బృందంలో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు ఎవరు ఈ కదలిక చేయలేకపోతున్నారో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. వారికి నీటిలో ఇద్దరు తోడు ఉండాలి, లేదా మోకాలి లోతులో నిలబడి చేతులు తడుపుకుని రావాలి.

సంచిలో ఉండవలసినవి:

- వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు లేదా నీటి బూట్లు (వదులు చెప్పులు కాలి నుంచి ఊడి తేలిపోతాయి)
- కళ్లు కడగడానికి మాత్రమే కేటాయించిన ఒక లీటరు మంచినీళ్ల సీసా
- తాగడానికి మనిషికి రెండు లీటర్ల నీళ్లు
- పొడి తువ్వాళ్లు రెండు, వాటిలో ఒకటి ముఖానికి మాత్రమే
- జుట్టు బిగించి కట్టడానికి గుడ్డ లేదా టోపీ
- వాసెలిన్ డబ్బా
- ఫోనుకు నీరు చొరని కవరు
- తడి బట్టలకు రెండు మందపాటి కవర్లు
- సన్‌స్క్రీన్, కొబ్బరినూనె
- రోజూ వేసుకునే మందులు, షుగరు ఉన్నవారికి తినడానికి ఏదైనా

కాంటాక్ట్ లెన్సులు తీసివేయాలి. కాటుక, ముఖానికి క్రీములు వద్దు. చెమటతో అవి కంట్లోకి దిగితే చేయి తెలియకుండానే కంటి మీదికి వెళ్తుంది.

6. నీటిలోకి దిగడం, తేలడం, లేవడం

దిగే ముందు ఒంటి మీద గీతలు, పగుళ్లు ఉన్నచోట వాసెలిన్ రాయండి. తొడల మధ్య, చంకల్లో కూడా రాస్తే మంట తగ్గుతుంది. జుట్టును నడినెత్తికి ముడి వేసి గుడ్డతో బిగించండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. తేలేటప్పుడు వెనక జుట్టు తడుస్తుంది, లేచి నిలబడగానే ఆ నీరు నుదుటి మీదుగా నేరుగా కళ్లలోకి కారుతుంది.

బృందంలో ఒకరు కళ్లు కడిగే నీళ్ల సీసా, పొడి తువ్వాలు పట్టుకుని ఒడ్డునే ఉండాలి. మిగిలినవారు జంటలుగా దిగాలి.

మొదటి అంచె. అడుగులు జరుపుతూ మెల్లగా నడవండి. అడుగున మట్టి జారుతుంది, కొన్నిచోట్ల ఉప్పు గడ్డలు గాజు ముక్కల్లా కోస్తాయి. పరుగెత్తడం, దూకడం, నీళ్లు చల్లుకోవడం పనికిరాదు.

రెండవ అంచె. నీరు మోకాలు దాటి తొడల దాకా వచ్చినప్పుడు ఆగి, ఒడ్డు వైపు వీపు పెట్టి నిలబడండి. గొంతు దాకా నడిచి వెళ్లవలసిన పని లేదు. నిజానికి నడుము లోతు దాటితే కాళ్లు నేల మీద నిలవవు.

మూడవ అంచె. పీట మీద కూర్చోబోతున్నట్టు మోకాళ్లు వంచి, చేతులు రెండు పక్కలా చాపి, మెల్లగా వెనక్కి వాలండి. కాళ్లు వాటంతట అవే పైకి లేస్తాయి. అప్పుడు ఒక్క క్షణం భయం వేస్తుంది, తల ఎత్తి కాళ్ల వైపు చూడాలనిపిస్తుంది. మెడ బిగించకుండా, గడ్డాన్ని కొద్దిగా రొమ్ము వైపు ఉంచి, ఆకాశం వైపు చూడండి.

నాలుగవ అంచె. కదలకుండా ఉండండి. చేతులను నీటి లోపల మాత్రమే ఆడించాలి, పైకెత్తి కొట్టకూడదు. బోర్లా తిరగడం, ఈత కొట్టడం, ఒకరినొకరు లాగడం ఏ కారణంతోనూ చేయవద్దు. ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి ఒడ్డు ఎంత దూరంలో ఉందో చూసుకోండి. గాలి ఉన్న రోజున తేలుతున్న మనిషి తెలియకుండానే లోపలికి జరిగిపోతాడు. తాళ్లు కట్టి ఉంటే వాటి లోపలే ఉండాలి. అలలు లేచిన రోజు అసలు దిగవద్దు.

ఐదవ అంచె, లేవడం. చాప మీద అభ్యాసం చేసింది దీనికోసమే. రెండు మోకాళ్లనూ రొమ్ము వైపు లాక్కోండి. రెండు అరచేతులతోనూ నీటిని వెనక్కి, కిందికి నొక్కండి. నడుము కిందికి దిగి పాదాలు నేలకు తగిలాక, ముందుకు తూలకుండా కొద్దిసేపు వంగిన మోకాళ్లతోనే ఉండి, ఆపైన నిటారుగా నిలబడండి. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక దింపాలని ప్రయత్నించేవారే పక్కకు దొర్లి బోర్లా పడతారు.

మొదటిసారి 10 నిమిషాలు చాలు. ఒడ్డుకు వచ్చి మంచినీళ్లు తాగి, కావాలంటే మరొకసారి దిగండి. ఎప్పుడైనా ఏకబిగిన 15, 20 నిమిషాలు దాటకూడదు. ఆ వెచ్చని గాఢమైన నీటిలో ఒంట్లోని నీరు హరించుకుపోతుంది, పైకి చెమట కనిపించదు కనుక దాహం ఆలస్యంగా తెలుస్తుంది.

7. నల్లమట్టి ఎలా పూసుకోవాలి

మట్టిని కూడా బీచు నిర్వాహకులు కుండల్లోనో తొట్లలోనో ఉంచిన చోటనే తీసుకోవాలి. దొరికిన చోటల్లా తవ్వుకోవడం వద్దు, ఒడ్డున నేల ఎక్కడ గట్టిగా ఉందో కొత్తవారికి తెలియదు. మంచి మట్టి నల్లగా, వెన్నలా మెత్తగా, కొద్దిగా గంధకపు వాసనతో ఉంటుంది. ఇసుక, ఉప్పు పలుకులు ఉంటే వేళ్లతో నలిపి ఏరేయండి, లేకపోతే రుద్దేటప్పుడు చర్మం గీసుకుపోతుంది.

ముందు ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్లంత పూసి ఐదు నిమిషాలు ఆగండి. చురుక్కుమని దద్దుర్లు లేస్తే అంతటితో మానేయండి.

నేను పాటించే వరుస ఇది: మొదట ఒకసారి తేలడం, ఒడ్డుకు రావడం, చర్మం తడిగా ఉండగానే మట్టి పూసుకోవడం, అది ఆరడం, సరస్సు నీటితోనే మట్టి కడుక్కోవడం, ఆఖరున మంచినీటి స్నానం. పొడి చర్మం మీద మట్టి గడ్డలుగా అంటుకుంటుంది, తడి చర్మం మీద పలచగా పరుచుకుంటుంది.

నలుగు పెట్టినట్టు రుద్దకూడదు, గంధం పూసినట్టు పలచగా పూయాలి. మన ఇళ్లలో సున్నిపిండి రుద్దే అలవాటు వల్ల చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. కళ్ల చుట్టూ రెండు వేళ్ల మందం వదిలేయండి. పెదవులు, ముక్కు రంధ్రాలు, చెవి లోపల, సున్నిత భాగాలు, గాయాల మీద పూయవద్దు. ముఖానికి పూసుకోకపోయినా నష్టమేమీ లేదు. పూసుకుంటే మాత్రం కడిగేటప్పుడు సరస్సు నీరు వాడకుండా మంచినీటితోనే కడగాలి.

మట్టి రంగు నలుపు నుంచి బూడిద రంగుకు మారి చర్మం బిగుతుగా అనిపించేదాకా, సుమారు 10 నుంచి 15 నిమిషాలు, నీడలో నిలబడి ఆరనివ్వండి. పూర్తిగా ఎండి పెళుసుగా రాలేదాకా ఆగితే తీసేటప్పుడు ఒంటి వెంట్రుకలను లాగుతుంది. కడుక్కోవడానికి నీటిలోకి వెళ్లేటప్పుడు కాళ్లకు ఉన్న మట్టి వల్ల జారుతుంది, తోడు చేయి పట్టుకుని దిగండి.

8. సాధారణంగా జరిగే పొరపాట్లు, వెంటనే చేయవలసినవి

కంట్లో నీరు పడితే. చేత్తో నలపకండి, ఆ చేతికీ ఉప్పే ఉంది. కన్ను మూసుకుని, వెల్లకిలా తేలుతూనో నిలబడో, తోడున్నవారిని పిలవండి. వారు చేయి పట్టుకుని ఒడ్డుకు తెస్తే, అక్కడున్న మంచినీళ్ల సీసాతో కంటి లోపలి మూల నుంచి బయటికి ధారగా కొన్ని నిమిషాలపాటు కడగాలి. మొదటి ప్రయాణంలో నేను జారిపోతున్న కళ్లజోడు సర్దుకోబోయి తడి వేలు కంటికి తగిలించుకున్నాను. ఒక్క చుక్కకే రెండు కళ్లూ తెరవలేకపోయాను, ఒడ్డు ఏ దిక్కున ఉందో కూడా తెలియలేదు. సీసాతో ఒకరు ఒడ్డున ఉండాలని ఇంతగా చెప్పడానికి కారణం అదే. మంట తగ్గకపోతే, చూపు మసకబారితే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

నీరు మింగితే. పెదవికి తగిలిన చుక్కను ఉమ్మేసి నోరు పుక్కిలిస్తే సరిపోతుంది. గుక్కెడు మింగినా, ఊపిరితిత్తుల్లోకి పోయినా అది ఆపద. రక్తంలో కాల్షియం, మెగ్నీషియం పాళ్లు పెరిగి గుండె లయ తప్పవచ్చు. మనిషి బాగానే కనిపిస్తున్నా వెంటనే రక్షకులకు చెప్పి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, హోటల్ గదిలో పడుకోబెట్టి చూద్దామనుకోకూడదు.

ఎవరైనా బోర్లా పడితే. అరిచి రక్షకులను పిలుస్తూనే, పక్కనున్నవారు ఆ మనిషి భుజం పట్టుకుని పక్కకు దొర్లించి వెల్లకిలా తిప్పాలి. కాళ్లు పట్టుకుని లాగితే ముఖం ఇంకా లోపలికి పోతుంది.

తీర్థంలా నాలుక మీద వేసుకోవడం. యోర్దాను (జోర్డాన్) నది నీటిని సీసాల్లో తెచ్చుకునేవారు ఈ నీటిని కూడా తెచ్చుకుంటారు. గుర్తుగా దాచుకోవచ్చు, కానీ సీసా మీద తెలుగులో "తాగరాదు" అని రాసి పిల్లలకు అందని చోట పెట్టండి.

తినగానే దిగడం, ఉపవాసంతో దిగడం. రెండూ తప్పే. తేలికగా తిని గంట తరువాత దిగండి. షుగరు మందులు వేసుకున్నవారు ఖాళీ కడుపుతో అసలు దిగకూడదు.

అందరూ ఒకేసారి దిగి ఫొటోలు తీసుకోవడం. పత్రిక చదువుతూ తేలే ఫొటో అందరికీ కావాలి. ఆ పత్రికను తోడున్నవారు ఒడ్డు నుంచి పొడి చేతులతో తెచ్చి, మీరు తేలడం స్థిరపడ్డాక ఇవ్వాలి. చేతిలో ఏదో పట్టుకుని వెనక్కి వాలేవారికి లేచేటప్పుడు నీటిని నొక్కడానికి చేతులు ఉండవు.

గంటలో అంతా ముగించడం. బృంద యాత్రల్లో ఇక్కడ కేటాయించే సమయం తక్కువ. ముప్పై మంది బట్టలు మార్చుకోవడానికే అరగంట పడుతుంది. కనీసం రెండున్నర గంటలు ఇవ్వమని యాత్ర నిర్వాహకులతో బయలుదేరక ముందే మాట్లాడండి, కుదరకపోతే మట్టి పూత వదిలేసి తేలడం ఒక్కటే చేయండి.

9. బయటికి వచ్చాక

ఒంటి మీద నీరు ఆరనివ్వకుండా నేరుగా జల్లు స్నానానికి వెళ్లండి. మొదట తల వెనక్కి వంచి, కళ్లు మూసుకుని, జుట్టులోని ఉప్పు నీరు వెనక్కి పోయేలా కడగాలి. మూడు నాలుగు నిమిషాలు ఉత్త నీటితో కడిగిన తరువాతే సబ్బు వాడాలి. ఉప్పు ఉన్న ఒంటి మీద సబ్బు నురగ రాదు, జిడ్డు వదలడం లేదని గట్టిగా రుద్దితే చర్మం ఎర్రబడుతుంది. చెవుల వెనక, వేళ్ల సందులు, బొడ్డు, మోకాళ్ల వెనక మరచిపోవద్దు. షుగరు ఉన్నవారు పాదాలను పొడిగా తుడుచుకుని మళ్లీ ఒకసారి చూపించుకోవాలి.

స్నానం తరువాత ఒంటికి కొబ్బరినూనె రాసుకుంటే బిగుతు తగ్గుతుంది. అర లీటరు నీళ్లు గుక్కగుక్కగా తాగి, నీడలో అరగంట కూర్చుని, ఆ తరువాత వాహనం ఎక్కండి. ఒక్కసారిగా లేచి నడిస్తే కళ్లు తిరిగే అవకాశం ఉంది. జోర్డాన్ ఒడ్డున ఉన్నవారికి పడమటి కొండల వెనక సూర్యుడు దిగిపోవడం ఎదురుగా కనిపిస్తుంది, ఆ అరగంటను సాయంత్రానికి పెట్టుకుంటే రెండు పనులూ కలిసివస్తాయి.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి:

- దిగినవారి లెక్క, ఎక్కినవారి లెక్క ఒకటేనా
- తడి బట్టలు, చెప్పులు రెండు కవర్లలో విడిగా ఉన్నాయా
- పాస్‌పోర్టులు, మందులు పొడి సంచిలోనే ఉన్నాయా
- ఎవరికైనా కంటి మంట, వాంతి, గుండె దడ ఉన్నాయా

మట్టి పొట్లాలు కొనుక్కుంటే విమానంలో చేతి సంచిలో పెట్టకండి, 100 మిల్లీలీటర్లు మించిన ద్రవాలను, ముద్దలను భద్రతా తనిఖీలో తీసివేస్తారు. కవరు మీద కవరు వేసి, తడి బట్టల మధ్య కాకుండా పాత తువ్వాలులో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టండి. ఆ రోజు వేసుకున్న బట్టలను అమ్మాన్ గదికి చేరగానే రెండుసార్లు ఉత్త నీటిలో జాడించి ఆరేయాలి, లేకపోతే ఉప్పు గట్టిపడి గుడ్డ అట్టలా అవుతుంది. ఒంటి మీది ఉప్పు పూర్తిగా పోయిందని తెలుసుకోవడానికి ముంజేతిని నాలుకతో కాకుండా గోటితో గీసి చూడండి. తెల్లని చార పడితే మరొకసారి స్నానం చేసి, ఆ తరువాతే గొలుసు, మెట్టెలు పెట్టుకోండి.